వలిసె నూనె తాగిన బండి

నేను ఒక మోటారు సైకిల్ని. పాతదాన్ని. నన్ను కదిలించాలంటే మీట నొక్కితే సరిపోదు, కాలెత్తి గట్టిగా తన్నాలి. నాలాంటి బండ్లు ఇప్పుడు రోడ్ల మీద పెద్దగా కనిపించవు. ఎక్కడైనా కనిపిస్తే కుర్రాళ్ళు పక్కన నిలబడి ఫోటో దిగి, తమ కొత్త బండెక్కి వెళ్ళిపోతారు.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. నేను ఉత్త పెట్రోలు తాగి బతకలేను. పెట్రోల్లో బండి నూనె కొంచెం కొలిచి కలపాలి. ఆ నూనె నా కడుపులో తిరిగే పిస్టన్‌కి జారుడునిస్తుంది. అది అందకపోతే ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని, వేడెక్కి, ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇక అంతే, నేను రాయిని.

ఉత్తరాదిన ఒక కర్మాగారంలో పుట్టాను. అక్కడి హోరు తప్ప ఏమీ జ్ఞాపకం లేదు. లారీలో దక్షిణానికి వచ్చాక మొదట నన్ను కొన్నవాడు ఒక ఫారెస్టు గార్డు. ఆయన దసరాకి నన్ను కడిగి, పసుపు రాసి, బంతిపూల దండేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాడు. మిగతా ఏడాదంతా నా ఒంటిమీది బురద వైపు చూసేవాడు కాదు. మనుషులు దేవుడితో కూడా ఇలాగే ఉంటారని తర్వాత తెలిసింది. ఆయన దగ్గర్నుంచి కొండ దిగువ పట్నంలో ఒక మాస్టారి దగ్గరికి చేరాను. బండి ఉంటే బడికి వేళకి వెళ్ళొచ్చని ఆయన నన్ను కొన్నాడు. బండి ఉంది కదా అని రోజూ ఆలస్యంగా బయల్దేరేవాడు. తన్ని తన్ని మోకాలు నొప్పి పుట్టాక నన్ను అమ్మకానికి పెట్టాడు.

అప్పుడు వచ్చాడు కొర్రా ధనపతి. కొండ మీద జోడుగెడ్డ అనే గూడెం ఆయనది. నా చుట్టూ తిరిగి చూసి, అందరిలా టైర్లు నొక్కకుండా, టాంకు మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. "సలికి తట్టుకుంటాదా మాస్టారూ ఇది?" అని అడిగాడు.

"బండికి చలేమిటయ్యా?" అన్నాడు మాస్టారు నవ్వుతూ.

ఆయన ఎప్పుడూ కొండ ఎక్కలేదు మరి.

కార్తీకం వెళ్ళేసరికి జోడుగెడ్డలో తెల్లవారి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు గట్టిపడుతుంది. దిగువ ఊళ్ళ నుంచి జనం ఆ మంచు చూడ్డానికి కార్లేసుకుని వస్తారు. వాళ్ళకి చలి ఒక వేడుక. నోట్లోంచి పొగ వదిలి ఒకరికొకరు చూపించుకుని నవ్వుకుంటారు. అక్కడే బతికేవాళ్ళకి మాత్రం చలి అంటే, ఈ ఏడు ఎవరు దాటుతారు, ఎవరు దాటరు అనే దిగులు.

ధనపతి నన్ను చలి దాటించేవాడు. చలి ముదరకముందే టాంకు నిండా పోయించేవాడు, సగం ఖాళీగా ఉంటే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుందని. మేకల పాకలో ఒక మూల పనస చెక్కలు పరిచి వాటి మీద నిలబెట్టేవాడు. మేకల ఊపిరికి ఆ పాక వెచ్చగా ఉండేది. ఎలుకలు దూరకుండా సైలెన్సరుకి మొక్కజొన్న కండె బిరడా కొట్టేవాడు. సాయంత్రం స్పార్కు ప్లగ్గు విప్పి, తుడిచి, ఇంట్లోకి తీసుకెళ్ళి పొయ్యి గట్టు మీద పెట్టేవాడు. దాని చోట శుభ్రమైన గుడ్డ కూరి, నా మీద గోనెపట్టాలు కప్పేవాడు. ఉదయం వెచ్చని ప్లగ్గు తెచ్చి బిగించి తన్నితే, ఊరంతా వణుకుతున్న వేళ నేను రెండు మూడు తన్నులకే లేచేదాన్ని.

వాళ్ళమ్మ బుద్రి గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ ఇదంతా చూసేది. "నీ పెళ్ళానికి కూడా ఇంత పురుడు పొయ్యనేదురా ఒరే. దాని సెవుల్లో దూది కూడా పెట్టీ" అనేది. లోపల కోడలు నవ్విన చప్పుడు వినిపించేది. ధనపతి కూడా నవ్వుతూనే గోనెపట్టా అంచులు ఇంకొంచెం లోపలికి దోపేవాడు.

రాజ్మా బస్తాలు మోశాను. మిరియాలు మోశాను. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని, జ్వరం తగిలిన పిల్లల్ని మోశాను. అన్నిటికన్నా ఇష్టంగా మోసింది ఆయన కూతురు దైమతిని. ఊరి బళ్ళో పదో తరగతి చదివేది. ఎవరైనా కొత్తవాళ్ళు పేరడిగితే చెప్పలేక తల్లి వెనక్కి వెళ్ళిపోయే పిల్ల. ధనపతి ఆ పిల్లకి నన్ను నడపడం నేర్పాడు. పొద్దున్నే, దారిలో మనుషులు లేనప్పుడు, ఆ పిల్ల నన్ను ఊరి చివర పారే గెడ్డ దాకా తోలుకెళ్ళి తిప్పుకొచ్చేది. ఎదురుగా ఎవరైనా కనిపిస్తే బండి ఆపి, తల వంచుకుని, చైను చూస్తున్నట్టు నటించేది. నా చైను ఎప్పుడూ బాగానే ఉండేది.

కొండల మీద వలిసె చేలు పసుపుగా పూసే కాలంలో ధనపతికి దగ్గు పట్టుకుంది. మొదట చలిగాలి అనుకున్నారు. తర్వాత దగ్గులో రక్తం పడింది. దిగువ పట్నం ఆసుపత్రి డాక్టరు, చలికాలం కొండ మీద ఉంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవనీ, మాఘం దాకా కిందే ఉంచి మందులు వాడాలనీ చెప్పాడు. తోడుగా భార్య వెళ్ళింది. ఇంట్లో బుద్రి, దైమతి మిగిలారు.

వెళ్ళే రోజు నన్ను పట్టుకునే బలం కూడా ఆయనకి లేదు. సంతకి వచ్చిన జీపు ఎక్కబోతూ పాకలోకి వచ్చాడు.

"దైమతీ, సలికాలం దీన్ని సంపీకు. రోజు ఇడిసి రోజు స్టార్టు సెయ్యి. నూనె సీసా అటక మీదుంది, మూతతో కొలిసి కలుపు. మాఘంలో నన్ను ఇంటికి ఒగ్గీస్తారంట. నాను జీపుల్లో రాను. నువ్వు దీన్ని కిందకి తోలుకొచ్చీ. ఎనక్కి నాను తోల్తాను. నువ్వు ఎనకాల కూకో."

"ఒక్కదాన్నే ఘాటీ దిగాలా అయ్యా?"

"నాను నేర్పినాను కదే. భయమేటి."

ఆ పిల్ల తలూపింది. బండి బతికితే అయ్య బతుకుతాడని ఎవరూ ఆమెకి చెప్పలేదు. తనే అనుకుంది. రెండు తాళ్ళ కొసలు కలిపి ముడేసినట్టు, నన్నూ తండ్రినీ కలిపి ముడేసుకుంది. ఆ ముడి నాకు తెలుస్తూనే ఉండేది. ఆ ఏడు నేను నా కోసం చలి దాటడం లేదు.

తండ్రి చేసినవన్నీ చేసింది. పనస చెక్కలు వేసింది. కండె బిరడా కొట్టింది. బడి నుంచి రాగానే ప్లగ్గు విప్పి, గౌను అంచుతో తుడిచి, పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళేది. బుద్రి ఇప్పుడు వెటకారాలు ఆపేసింది. ప్లగ్గు పెట్టిన చోట నిప్పు ఆరిపోతే తనే పొయ్యి ఊదేది. పుల్ల గుచ్చినట్టున్న ఆ చిన్న ఇనప ముక్కని కొంగుతో పట్టుకుని, "సలేస్తన్నాదేటి నాయినా?" అనేది. ఎవరిని అడుగుతోందో దైమతికి తెలుసు. నాకూ తెలుసు.

పుష్యమాసంలో వలిసె గింజలు గానుగాడించి కొత్త నూనె తెచ్చారు. ఆ ఇంట్లో వలిసె నూనెకి చెయ్యలేని పని లేదు. కూర అందులోనే వండుతారు. పుట్టిన బిడ్డ ఒంటికి అదే రాస్తారు. ఆడపిల్ల జడకి అదే, ఎద్దు మెడ మీద కాడి ఒరిసిన పుండుకి అదే, తలుపు బందుకి అదే, దేవుడి దీపానికీ అదే. ధనపతి పుట్టినప్పుడు మూరెడు గుడ్డలో చుట్టేంత కూడా లేడట. ఆ నూనెతో మర్దనా చేసి చేసి మనిషిని చేశానని బుద్రి చెప్పుకునేది.

ఆ రోజుల్లోనే దైమతి సీసా ఎత్తి చూసింది. "బండి నూనె అడుక్కొచ్చీసింది మామ్మా. సంత జీపు డ్రైవరుతో కింద నుంచి తెప్పించాల. ఆయన్ని ఎలాగడగను నాను?" అంది.

"నువ్వు అడక్కునే. నాను సూస్తాను" అంది బుద్రి.

మర్నాడు సీసా నిండుగా ఉంది. నల్లటి ప్లాస్టిక్ సీసా, లోపలి రంగు బయటికి తెలియదు. డ్రైవరుకి చెప్పి మామ్మే తెప్పించిందని దైమతి అనుకుంది, తనకి ఆ మాట్లాడే బాధ తప్పిందని సంతోషపడింది. బుద్రి నిజం దాచిపెట్టలేదు. చెప్పేంత విషయం అనుకోలేదు, అంతే. కింది ఊరి నుంచి వచ్చే ఆ కంపు నూనె కన్నా తన చేతి నూనె మేలు కాదా? కొడుకుని నిలబెట్టిన నూనె కొడుకు బండిని నిలబెట్టదా?

పెట్రోలు పోసినప్పుడల్లా దైమతి మూతతో జాగ్రత్తగా కొలిచింది. ఒక చుక్క ఎక్కువ పడితే వేలితో మూత అంచుకి రాసి తీసేసింది. అంత శ్రద్ధగా పోసిన ఆ నూనె లోపలికి దిగగానే నాకు తెలిసిపోయింది. మొదట్లో బాగానే ఉంది. మెత్తగా ఉంది కూడా. నా పొగలో తాలింపు వాసన వచ్చింది. దైమతి ఆ వాసన వంటింట్లోంచి వస్తోందనుకుంది. గుమ్మంలో బుద్రి ముక్కు ఎగబీల్చి, తృప్తిగా తలాడించింది.

కానీ వంటనూనె వంటనూనే. మంటకి ఉడికి, చలికి బిగిసి, జిగురై, పిస్టన్ రింగుల గాడుల్లో పేరుకోవడం మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు కొంచెం. ఆ పిల్ల తన్నే తన్నులు పెరిగాయి. "సలి ముదిరింది కదూ, నాకూ లేవబుద్ధి కాదు" అని నన్నే ఓదార్చేది. గోనెపట్టా మీద తన దుప్పటి కూడా కప్పడం మొదలుపెట్టింది. నాకు నోరుంటే ఏమని చెప్పేదాన్ని? మనుషులకి నోరుంది, వాళ్ళూ చెప్పుకోలేదు.

మాఘం ఇంకా రాలేదు. ఒక ఉదయం, మంచు విడవకముందే, ఫోను సిగ్నలు అందే రాతి గుట్ట మీది నుంచి పక్కింటాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మీ అమ్మ ఫోను సేసింది గుంటా. మీ అయ్యకి బాగా నేదంట. మిమ్మల్నిద్దర్నీ సూడాలంటన్నాడంట. ఉన్నపాటున రమ్మంది."

సంత రోజు కాదు, జీపు లేదు. దైమతి పొయ్యి గట్టు మీది ప్లగ్గు తెచ్చి బిగించింది. మర ఒక్కసారే సరిగ్గా పట్టింది. ఎన్నిసార్లు తన్నిందో, లేచాను. ఎలా లేచానో నాకే తెలియదు. బుద్రి చీర గోచీ బిగించి వెనక ఎక్కి మనవరాలి నడుం పట్టుకుంది. గూడెం జనమంతా బయటికొచ్చి చూస్తున్నారు. ఆ పిల్ల ఎవరినీ చూడకుండా, ఎవరికోసమూ ఆగకుండా, వాళ్ళ మధ్య నుంచే పోనిచ్చింది.

మా గూడెం నుంచి ఘాటీ దిగాలంటే ముందు ఒక మెట్ట ఎక్కాలి. మంచులో పది బారల ముందు దారి కనిపించదు. ఇద్దరి బరువు, ఎదురు ఎక్కుడు. దైమతి రెండో గేరులో ఇంజను గుంజి ఎక్కిస్తోంది. నా లోపల వేడి పెరుగుతోంది. రింగులు జిగురులో కూరుకుపోయి కదలడం లేదు. మెట్ట పైభాగం కనిపించింది. అది దాటితే ఆ తర్వాత అంతా దిగుడే, చచ్చినా జారుకుంటూ పోవచ్చు. ఇంకొంచెం అనుకున్నాను. ఇంకొంచెం. కీచుమని ఒక చప్పుడు, వెనక చక్రం బిగుసుకుపోయింది. దైమతి క్లచ్చి పట్టి ఎలాగో పడకుండా ఆపింది.

తన్నింది. కిక్కు రాడ్డు రాయిలా ఉంది, దిగలేదు. తన రెండు కాళ్ళతో ఎక్కి నిలబడింది. దిగలేదు.

బుద్రి నా మీద చెయ్యి వేసి చటుక్కున తీసుకుంది. "దీని ఒళ్ళు కాలిపోతన్నాదే, జొరమొచ్చినట్టు."

"తోద్దాం మామ్మా. పైకి తోసేస్తే దిగుడులో పోద్ది" అంది దైమతి.

ఇద్దరూ తోశారు. నేను గేర్లోంచి కూడా రాలేదు. ఆ ముసలావిడ నా సీటుకి భుజం ఆనించి, కాళ్ళు మట్టిలో దిగబడేలా తోసింది. అడుగు కూడా కదల్లేదు. చివరికి నన్ను దారి పక్కన వదిలేసి ఇద్దరూ నడక మొదలుపెట్టారు. మంచులో వాళ్ళు కనిపించకుండా పోయాక కూడా బుద్రి రొప్పు కొంతసేపు వినిపించింది. చాలాసేపటికి రాజ్మా బస్తాల వ్యాను ఒకటి నా పక్కనుంచే అటు పోయింది. వాళ్ళని ఎక్కించుకుంటే బాగుండుననుకున్నాను.

తర్వాతి సంగతి నేను చూడలేదు. దినాలప్పుడు పాకలో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. వ్యాను వాళ్ళని ఎక్కించుకుంది. కానీ ఆసుపత్రి మెట్లు ఎక్కుతున్నప్పుడే దైమతికి తల్లి ఏడుపు వినిపించింది. ధనపతి ఉదయమంతా మెలకువగానే ఉన్నాడట. కిటికీ బయట బండి చప్పుడు వినిపించిన ప్రతిసారీ, "అది మనది కాదు" అని తల అడ్డంగా ఊపేవాడట. నా చప్పుడు ఆయనకి అంత బాగా తెలుసు.

నన్ను ఇద్దరు మనుషులు వ్యానులోకి ఎత్తి గూడెం చేర్చారు. చలి తగ్గింది. మాఘం వచ్చింది. ఒక సంత రోజున బుద్రి దిగువ పట్నం నుంచి మెకానిక్ జిలానీని పిలిపించింది. కబురు చెప్పమని సంత జీపు డ్రైవరుని తనే అడిగింది. "నా కొడుకు బండి. అలా పడుండకూడదు" అంది.

జిలానీ పాక ముందు ఎండలో కూర్చుని నా ఇంజను తల విప్పాడు. పిస్టన్ మీద నల్లటి జిగురు. వేలితో గీకి, వాసన చూసి, మళ్ళీ చూశాడు. పక్కనే నిలబడ్డ దైమతిని నెమ్మదిగా అడిగాడు.

"ఇందులో ఏ నూనె పోశావమ్మా?"

దైమతి లోపలికి వెళ్ళి సీసా తెచ్చింది. జిలానీ మూత తీసి వాసన చూసి, సీసా ఆ పిల్ల చేతికిచ్చాడు. తను కూడా వాసన చూసింది. ఆ వాసన ఆమె జడలోనే ఉంది. అన్నంలోనే ఉంది. ఎన్ని మూతలు తన చేత్తో కొలిచి పోసిందో ఆ పిల్ల మొహంలో నాకు కనిపించింది.

"ఏటయింది బావూ దానికి?" గుమ్మంలోంచి బుద్రి అడిగింది. "నాను కూడా సూసుకున్నానే. సలి దెబ్బ కొట్టీసిందా?"

జిలానీ నోరు తెరవబోయాడు.

"ముసల్దయిపోనాది మామ్మా" అంది దైమతి. కొత్తమనిషి ముందు ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "లోపల ఇనుమంతా అరిగిపోనాది. మనం ఏం సేసినా ఆగిపోయేదే. మన తప్పు నేదు."

జిలానీ ఆ పిల్ల వైపు చూశాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అవునమ్మా. మరీ పాత బండి" అన్నాడు.

"బాగవదా?"

"బాగవదు మామ్మా" అంది దైమతి, ఆయన జవాబు చెప్పకముందే.

అది అబద్ధం. కొత్త పిస్టన్ వేసి, సిలిండరు గోడలు గీకితే నేను లేస్తాను. నా ఇనుము అరిగిపోలేదు. ధనపతి నన్ను అరగనివ్వలేదు. కానీ నేను లేస్తే మళ్ళీ నూనె కావాలి. బుద్రి మళ్ళీ సీసా నింపబోతుంది. అప్పుడు ఎవరో ఒకరు వద్దనాలి, ఎందుకని ఆవిడ అడుగుతుంది. కాబట్టి నేను లేవకూడదు. జిలానీ నా తలని ఉత్తినే బిగించి వెళ్ళిపోయాడు. దైమతి సీసాని గెడ్డకి తీసుకెళ్ళి, బూడిద వేసి తోమి, బండ మీద పెట్టి రాయితో చితగ్గొట్టింది.

ఇప్పుడు నేను పాకలోనే ఉన్నాను. నా హ్యాండిలుకి మేకని కడతారు. టైర్లలో గాలి దిగిపోయింది. ఎవరూ నా ప్లగ్గు విప్పరు. రోజూ పొద్దున్న మేకలకి ఆకు వెయ్యడానికి బుద్రి వస్తుంది. వచ్చి, వేసి, ఊరికే పోదు. నా ముందు నిలబడుతుంది.

"పాపిష్టి దానా. నా కొడుకు నిన్ను బిడ్డలా సాకినాడే. పానం పోతన్నప్పుడు ఒక్క పూట మొయ్యమంటే నడిదారిలో కూలబడ్డావు. మెట్ట మీదాకొచ్చి మరీ కూలబడ్డావు. నీ ఇనుము మట్టిలో కలిసిపోను."

ఒక్కోసారి చేతిలోని కొమ్మతో నన్ను కొడుతుంది. ఆవిడకి ఊపిరి అందకుండా పోయేదాకా తిడుతుంది. అలా తిట్టిన రోజు కాస్త అన్నం తింటుందని దైమతి వాళ్ళమ్మ అంటుండగా విన్నాను.

మొన్న ఆవిడ తిడుతుండగా దైమతి నీళ్ళ బిందెతో వచ్చింది. కాసేపు వింది. బిందె దించి, "తిట్టకు మామ్మా" అంది.

"నిన్నంటన్నానేటే? దాన్నంటన్నాను" అంది బుద్రి. "అందరినీ మోసింది, నా కొడుకు దగ్గరికి నన్ను మొయ్యడానికే దానికి సేతకానేదు."

దైమతి నా దగ్గరికి వచ్చింది. నా సీటు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బుద్రి మళ్ళీ మొదలుపెట్టింది. నేను విన్నాను.